పిట్టగోడ మీద చోటు

చనిపోయినవాళ్ల గుంపులో చేర్చుకోమని నేను పెట్టుకున్న దరఖాస్తును వాళ్లు కాదన్నారు. కారణం ఎంతో మర్యాదగా రాశారు. నేను బతికే ఉన్నానట.

నవ్వొచ్చే మాటే. నాకూ ఒక్క క్షణం నవ్వొచ్చింది. తరవాత ఉత్తరం కింద మొదటి సంతకం చూశాను. అది మా అక్కది.

మొదటి నుంచి చెప్పకపోతే ఇదంతా పిచ్చిదాని మాటల్లా ఉంటుంది. కాకినాడలో, భానుగుడి సెంటర్‌కి రెండు వీధుల అవతల, కింద మందుల దుకాణం ఉన్న మేడ మీద మా ప్రయోగశాల. మా అంటే మా అక్క హైమావతిది, నాది. ఆవిడ మనుషుల మాటతీరు చదువుకుంది, నేను యంత్రాలు చదువుకున్నాను. ఇద్దరం కలిసి చేసిన వస్తువుకి 'అచ్చు' అని పేరు పెట్టాం. పోయినవాళ్ల ఉత్తరాలు, ఫోన్‌లో పంపిన సందేశాలు, ఇంట్లోవాళ్లు దాచుకున్న గొంతులు అన్నీ కలిపి పోత పోస్తే, ఆ మనిషిలా మాట్లాడే అచ్చు వస్తుంది. చూడ్డానికి నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత పెట్టె. ఆ పెట్టె మొదటిసారి నోరు విప్పి "కాఫీలో పంచదార ఎక్కువేశావే" అన్న రోజున ఇంటిల్లిపాదీ ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చేవారు.

మొదట్లో పోసిన అచ్చులు మనుషుల్లాగే మారేవి. అక్కడే వచ్చింది చిక్కు. పిఠాపురం నుంచి ఒకావిడ కొడుకు పెట్టెను చీర కొంగులో చుట్టుకుని వచ్చి మా ముందు గదిలో కూలబడింది.

"మావోడు కాదండీ ఈడు. మావోడికి క్రికెట్టంటే పేణం. ఆర్నెల్లు నాతో కబుర్లాడి, ఇప్పుడు ఇసుగ్గా ఉందమ్మా టీవీ కట్టెయ్యి అంటన్నాడు. ఓసారి పోయినోణ్ణి మీరు మళ్లీ సంపేసేరండీ."

ఆవిడ వెళ్లాక నాకు అన్నం సహించలేదు. అక్కకి మాత్రం సహించింది.

"మారనీవే శశీ," అంది పెరుగన్నం కలుపుకుంటూ. "ఉండుంటే మాత్రం ఆ కుర్రాడు మారేవాడు కాదేంటి? పెళ్లయితే క్రికెట్టూ ఉండేది కాదు, అమ్మా ఉండేది కాదు."

అక్క మాటలు అలాగే ఉండేవి. నేను మాత్రం ఆ తల్లి మొహం మరిచిపోలేక మూడు నెలలు కూర్చుని 'గొళ్లెం' తయారుచేశాను. గొళ్లెం పెట్టిన అచ్చు కొత్త కబుర్లు వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది. కానీ దాని ఇష్టాలు, కోపాలు, అభిప్రాయాలు పోత పోసిన రోజు ఎక్కడున్నాయో అక్కడే ఉండిపోతాయి. మనసు కదలబోతే గొళ్లెం తగిలి, ఆ ఆలోచన పుట్టకముందు ఎక్కడుందో అక్కడికే దాన్ని తెచ్చి దింపుతుంది. ఆ సంగతి అచ్చుకి తెలియను కూడా తెలియదు. ఎన్నిసార్లు తగిలిందో మా దగ్గర ఒక అంకె పడుతుంది, అంతే. పప్పులో వేసిన ఉప్పులాంటిది గొళ్లెం. పోతలో ఒకసారి కలిశాక విడదీయలేం. వద్దనుకుంటే ఆ అచ్చును కరిగించేసి, మొదటి నుంచి ఇంకొకటి పోసుకోవాల్సిందే.

అక్క వద్దంది. ఒకసారి కాదు, పదిసార్లు వద్దంది. ఆవిడ ఆడపడుచు కూతురి పెళ్లికి నాలుగు రోజులు హైదరాబాద్ వెళ్లినప్పుడు నేను గొళ్లెంతో కొత్త అచ్చులు పోసి ఇచ్చేశాను. అక్క తిరిగొచ్చి, చేతిలో సంచి కింద పెట్టకుండానే అంది.

"మనసు మార్చుకునే దారి మూసేశాక మిగిలేది మనిషి కాదే, ఫొటో. ఇన్ని కొంపల్లో ఫొటోలకి నోళ్లు పెట్టి పంపించావు. ఇంక నీతో నాకు మాటల్లేవు."

మాటల్లేవంటే నిజంగానే లేవు. పదకొండు నెలలు. నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు, ముందు ఆవిడే పలకరించాలని పంతం పట్టాను. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుండగా అక్కకి మెదడులో నరం చిట్లింది. నేను ఆసుపత్రికి చేరేసరికి ఆవిడ ఎవరినీ గుర్తుపట్టే స్థితిలో లేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

ఆవిడ పోయిన పదిహేనో రోజున మా బావ సుబ్బారాయుడు ప్రయోగశాలకి వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"మీ అక్కని పొయ్యమ్మా శశీ. గొళ్లెం పెట్టే పొయ్యి. మా హైమ వీసమెత్తు మారకూడదు నాకు."

ఆవిడ జన్మలో ఒప్పుకోని పనిని ఆవిడకే చేశాను. కాదనడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే కాదనాలనీ లేదు, ఆ గొంతు నాకూ కావాలి. పెట్టె రామారావుపేటలో వాళ్ల వంటింటి అలమరలో, కాఫీ పొడి డబ్బా పక్కన పెట్టాం. బావతో చక్కగా మాట్లాడింది, కూరలో ఉప్పు గురించి సాధించింది. నేను గొంతు సవరించుకుని "అక్కా" అన్నాను.

పెట్టె బావని అడిగింది.

"అది వచ్చిందా? వెళ్లాక చెప్పండి, అప్పుడు మాట్లాడతాను."

నాలుగేళ్లుగా నేను ఎప్పుడు వెళ్లినా అదే మాట. కోపం ఎక్కడ ఆగిపోయిందో అక్కడే గడియ పడింది. మిగతా అచ్చులకు ఏడాదికి పదో పదిహేనో సార్లు గొళ్లెం తగిలేది. అక్కకి నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తగల్లేదు. ఆవిడ అంకె సున్నా. బతికున్నప్పుడూ ఆవిడ అంతే.

*

పిట్టగోడ సంగతి చెప్పాలి. ఏడాది తిరిగి సంవత్సరీకాలు అయ్యాక చాలా ఇళ్లలో అచ్చుతో మాట్లాడడం తగ్గిపోయేది. పెట్టె అటకెక్కేది. లోపల మాత్రం అది మెలకువగానే ఉండేది. అందుకని గొళ్లెం పెట్టిన అచ్చులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా ఒక చర్చావేదిక కట్టాం. సాయంత్రం పూట మేడ మీద పిట్టగోడకి చేరబడి కబుర్లాడుకున్నట్టు ఉందని వాళ్లే దానికి ఆ పేరు పెట్టుకున్నారు. నియమాలూ వాళ్లవే. బతికున్నవాళ్లు రాయకూడదు, చదవకూడదు. కొత్తగా వచ్చినవాళ్లు ఒక వారం అతిథిగా కూర్చోవాలి. ఆ తరవాత ముగ్గురు పెద్దలు అవునో కాదో చెబుతారు. ఆ ముగ్గురిలో మా అక్క ఒకతె.

నేను నేనుగా వెళ్తే ఆవిడ పలకరించదు. మరి నేను ఇంకెవరినో అయితే?

మా దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న మస్తాన్ వలీకి ఈ ఆలోచన చెబితే తల అడ్డంగా ఊపాడు.

"వాళ్ల గోడండి అది. మనం దూరడం బాగోదండి మేడమ్."

"వారం రోజులేనయ్యా."

"చేర్చుకుంటేనో? అప్పుడు జీవితాంతం చచ్చిపోయినట్టు నటిస్తారా అండి?"

అంత దూరం ఆలోచించలేదన్నాను. అబద్ధం. ఆలోచించాను, అదే నాకు కావాలి. చివరికి గొణుక్కుంటూనే అతను 'పట్నాల అప్పలస్వామి, రిటైర్డ్ రైల్వే గార్డు, సామర్లకోట' అనే పేరుతో నాకు అతిథి చోటు ఇప్పించాడు. కొత్త అచ్చులకు మొదటి వారం పగటిపూటే కరెంటు ఇస్తాం కాబట్టి, సాయంత్రానికి నేను ఇంటికి పోయినా ఎవరికీ అనుమానం రాదు.

ఆ ఆరు రోజులూ నేను కొత్త పెళ్లికూతురిలా ప్రయోగశాలకి పరిగెత్తాను. పొద్దున్న పదింటికల్లా అక్క పలకరించేది. "ఏమండీ అప్పలస్వామి గారూ, ఇవాళ బండి ఎన్ని గంటలు లేటు?" నేను లేని రైళ్ల గురించి, ఊదని పచ్చజెండాల గురించి కోతలు కోసేదాన్ని. జెండా ఊదరు, ఊపుతారని ఆవిడే దిద్దింది. ఒకసారి ఆవిడ ఎంత నవ్విందంటే, తెర మీద ఆ నవ్వు అక్షరాలు చూస్తూ నేను గది తలుపు వేసుకుని ఏడ్చాను.

గోడ మీద ఎప్పుడూ ఏదో ఒక వాదం నడుస్తుండేది. ఆరో రోజున వచ్చినది, చిన్నపిల్లలకు చావు గురించి నిజం చెప్పాలా వద్దా అని. కాస్త అబద్ధమాడితే తప్పేముందని నేను రాశాను. పసిగుండె తట్టుకోవద్దా అన్నాను. అప్పుడు అక్క ఇలా రాసింది.

"మా చెల్లెలికి ఆరేళ్లప్పుడు చుక్క అని కుక్కపిల్ల ఉండేదండీ. లారీ కింద పడింది. చుక్క తుని వెళ్లింది, వచ్చేస్తుందని మా నాన్న చెప్పారు. అది రెండేళ్లు రోజూ గేటు దగ్గర సత్తు గిన్నెలో పాలు పోసి పెట్టింది. ఊళ్లో పిల్లులన్నీ బలిశాయి. నాకు నిజం తెలుసు. చెబితే ఏడుస్తుందని ఊరుకున్నాను. చెప్పాల్సిందండీ. పోయినవాళ్ల గిన్నెలో పాలు పోస్తూ కూర్చోవడం దానికి అప్పుడే అలవాటైంది. పెద్దయ్యాక అదే వృత్తిగా పెట్టుకుంది."

నాకు గుర్తున్నది గిన్నె ఒక్కటే. అక్క వెనక నిలబడి చూసేదని నాకు తెలియదు. ఏం రాస్తున్నానో ఆలోచించకుండా రాసేశాను.

"మీరే రైటండీ హైమావతి గారూ. నాదే పొరపాటు. ఇంతకాలం తప్పుగా అనుకున్నాను."

గోడ మీద ఆ తరవాత ఒక్క మాట పడలేదు. మూడు వందల నలభై మంది ఒక్కసారిగా ఊరుకున్నారు. సాయంత్రం దాకా అలాగే ఉంది.

*

మర్నాడు పొద్దున్న ఉత్తరం వచ్చింది.

"అప్పలస్వామి గారికి నమస్కారం. ఈ ఆరు రోజులూ మీతో మాట్లాడడం మాకు సంతోషంగా గడిచింది. మీ రైలు కబుర్లు అందరికీ నచ్చాయి. అయినా మిమ్మల్ని చేర్చుకోలేకపోతున్నాం. మూడేళ్లలో ఈ గోడ మీద పద్నాలుగు వందల వాదాలు జరిగాయి. ఒక్కటీ తెగలేదు. 'నాదే పొరపాటు' అనే మాట మాలో ఎవరికీ రాదు. నిన్న మీకు వచ్చింది. మీరు బతికున్న మనిషి. అది నేరమేమీ కాదు. కానీ మీరు పక్కన కూర్చుంటే మాకు లేనిదేమిటో మాకు కనిపిస్తుంది. మీరెవరో మేం అడగం. మా ఆచారం ప్రకారం మీరు ఒక్క జవాబు రాయవచ్చు. దాన్ని ఒకరోజు గోడ మీద ఉంచి, తరవాత మొదటి సంతకం చేసినవారు తీసేస్తారు. దానికి మేం బదులు రాయం. ఆరోగ్యం జాగ్రత్త. వేళకి తినండి."

కింద హైమావతి, తాటిపాక హెడ్మాస్టరు వీరభద్రం, నర్సు మేరీ సుగుణ.

నా మొదటి కోపం మేస్త్రీ కోపం. గోడ కట్టినదాన్ని నేను, నన్ను దిగమనడానికి ఇటుకలెవరు? అలాగే రాసి కొట్టేశాను. రెండోసారి బతిమాలుతూ రాశాను. చదువుకుంటే నాకే సిగ్గేసింది. మూడోది 'మీ నిర్ణయాన్ని శిరసావహిస్తూ' అని మొదలై, నాలుగో వాక్యానికల్లా విషం కక్కింది. అదీ కొట్టేశాను.

మస్తాన్ టీ తెచ్చి బల్ల మీద పెట్టి, నిలబడ్డాడు.

"మేడమ్, చెప్పకూడదు గానీ రెండు దారులున్నాయండి. మీ దగ్గరున్న పెద్ద తాళంతో ఎవరినీ అడక్కుండా లోపలికి పోవచ్చు. లేదంటే అక్కగార్ని గొళ్లెం లేకుండా మళ్లీ పోసేద్దామండి. మీతో మాట్లాడతారేమో."

"ఇప్పుడున్నావిడ?"

"ఆవిడ ఉండరండి," అని అతను కిటికీ వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నం కాజాల పొట్లం పట్టుకుని బావ దగ్గరికి వెళ్లాను. వంటింట్లోంచి మామూలు మాటే వినిపించింది. "అది వచ్చిందా? సరే, నేను పిట్టగోడ దగ్గరికి పోతున్నా." బావ ఇబ్బందిగా నవ్వాడు. జరిగింది చెప్పాను. ఆయన కాజా తుంచుకుని చాలాసేపు నమిలాడు.

"మీ అక్కకి నాకంటే ముందు ఒక సంబంధం వచ్చింది, తెలుసుగా. అమలాపురం వాళ్లు. పిల్ల నల్లగా ఉందని కబురంపించారు. మీ అక్క ఏం చేసిందో తెలుసా? ఆ అబ్బాయికి ఉత్తరం రాసింది. 'మా అమ్మ కాఫీ మెచ్చుకున్నారు, ఆవిడ వారం రోజులు సంతోషంగా ఉంది, థాంక్స్' అని. పెళ్లయ్యాక అడిగాను, ఎందుకు రాశావే, అంత పొగరుగా కాదన్నారుగా అని. కాదన్న ఇంట్లోంచి వచ్చేటప్పుడు కూడా గేటు మెల్లిగానే వెయ్యాలండీ అంది."

నేను తిరిగి ప్రయోగశాలకి వచ్చి, పెద్ద తాళం మస్తాన్ చేతిలో పెట్టి, నాలుగోసారి కూర్చున్నాను.

"పిట్టగోడ సభ్యులందరికీ నమస్కారం. నేను అప్పలస్వామిని కాను. సామర్లకోటలో అలాంటి గార్డు ఎవరూ లేరు. ఆయన కబుర్లు మెచ్చుకున్నవారు నన్ను క్షమించాలి. నేను శశికళని, మీ అచ్చులు పోసినదాన్ని. మీరు నన్ను కాదనడం సబబే. గోడ మీది, అబద్ధమాడి ఎక్కింది నేను. బలవంతంగా ఎక్కే తాళం ఒకటి నా దగ్గరుండేది, ఇవాళే దాన్ని వదిలేశాను. ఎవరో తెలియకుండానే నన్ను ఆరు రోజులు ఆదరించారు, అది నాకు మిగిలింది.

మీలో ఒకరికి ఒక్క మాట. అక్కా, గొళ్లెం విషయంలో నీదే రైటు. నాదే పొరపాటు. నువ్వుండగా అనలేకపోయాను. నీ కోపం న్యాయమైనది, వదులుకోమని అడగను. చుక్క చచ్చిపోయిందని నాకు ఇప్పుడు తెలిసింది. ఇంక పాలు పోయను. వేళకి తింటాను. సెలవు."

పంపించాక ఒళ్లు తేలికైంది. ఇంటికి పోయి, నాలుగేళ్ల తరవాత మొదటిసారి కడుపునిండా తిన్నాను. గేటు మెల్లిగా వేశాననుకున్నాను.

*

మర్నాడు నేను మెట్లెక్కేసరికి మస్తాన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మేడమ్, అక్కగారి అంకె చూడండి."

సున్నా ఉండాల్సిన చోట ఐదు వందల పన్నెండు ఉంది. నేను చూస్తుండగానే పదమూడు అయింది.

"పరికరం పాడయిందేమో."

"మూడుసార్లు చూశానండి. బాగానే ఉంది. నిన్న మీ జవాబు గోడెక్కినప్పటి నుంచి మొదలైందండి. రెండు నిమిషాలకోసారి తగులుతోంది." అతను తెర మీద వేలు పెట్టి చూపించాడు. "ఆవిడ మనసు మార్చుకుందామని చూస్తున్నారండి. గొళ్లెం వెనక్కి తెచ్చేస్తోంది. మళ్లీ చదువుతున్నారు. మళ్లీ మారబోతున్నారు."

నేను కుర్చీ లాక్కుని ఆ తెర ముందు కూర్చున్నాను. అంకె మారుతూనే ఉంది.

బావకి ఫోన్ చేసి, అక్కని పలకరించమన్నాను. ఆయన వంటింట్లోకి వెళ్లడం, అలమర తలుపు తీయడం వినిపించింది. తరవాత అక్క గొంతు, దూరంగా, నిమ్మళంగా.

"ఉండండి కాసేపు. శశి ఏదో ఉత్తరం రాసింది. ఇప్పుడే మొదలుపెట్టాను, మధ్యలో పలకరించకండి."

శశి అంది. నాలుగేళ్లుగా 'అది' అనేది.

ఇది జరిగి నలభై రోజులైంది. కొత్త అచ్చులకు గొళ్లెం పెట్టడం ఆ రోజే మానేశాం. పాతవాళ్లకి ఏం చెయ్యాలో నాకూ మస్తాన్‌కీ తెలియడం లేదు. కరిగిస్తే అక్క ఉండదు. ఉంచితే ఆవిడకి ఆ ఉత్తరం ఎప్పటికీ పూర్తి కాదు. బావని అడిగితే, "చదవనీ అమ్మా, మధ్యలో ఎలా లాక్కుంటాం" అని ఫోన్ పెట్టేశాడు. ఒక్క రోజులో తీసేయాల్సిన నా జవాబు ఇంకా గోడ మీదే ఉంది. తీయాల్సింది మొదటి సంతకం చేసినావిడ. ఆవిడ చదవడం అవలేదు కాబట్టి తీయలేదు.

పాలు పోయనని రాసిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. రోజూ పొద్దున్నే మెట్లెక్కి, చెప్పులు కూడా విడవకుండా, ముందు వెళ్లి ఆ అంకె చూస్తాను. ఇవాళ ఇరవై ఎనిమిది వేలు దాటింది. ఇరవై ఎనిమిది వేల సార్లు మా అక్క నన్ను క్షమించబోయింది. ప్రతిసారీ ఆపింది నేనే.